రెండు గొంతులతో ఒలిచిన బుడ్డలు

ఆ రోజుల్లో మాటలకు కొదవ లేదు, రాసే చెయ్యే లేదు. నా వేళ్లకు కలుపు తీయడం, రొట్టె తట్టడం, కాయ ఒలవడం తెలుసుగానీ బలపం పట్టడం తెలియదు. నలభై దాటాక, ఊళ్లో రాత్రిబడి పెట్టినప్పుడు అక్షరాలు నా దగ్గరికి వచ్చాయి. (వచ్చిన కొత్తలో ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి 'ఆదోని' అన్న బోర్డును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివాను. చదవగలిగినందుకు మురిసిపోతూ ఉండగానే ఆ బస్సు వెళ్లిపోయింది.) అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు నోట్లోనే తిరిగింది. ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో, నాకు పెళ్లయిన సంవత్సరం, వానలు మొహం చాటేశాయి. (మా అత్త ఈ రెండు సంగతులనూ ఎప్పుడూ కలిపే చెప్పేది.) మా ఊరు గోనెగండ్ల దారిలో ఉంది. మా ఇంటాయన ఆదోనిలో పత్తి బేళ్లు మోయడానికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మళ్లీ వానలు పడేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలంటే అత్తా నేనూ పొద్దున్నే ఎమ్మిగనూరికి నడిచి, మగ్గాల వీధి దాటి, ఒక సావుకారు దొడ్లో విత్తనం బుడ్డలు ఒలవాలి. వేరుశనగకాయలను మా దిక్కు బుడ్డలంటాం. మిషన్లో వేస్తే గింజ చీలి మొలకకు పనికిరాదని, విత్తనం కాయలన్నీ ఆడవాళ్ల చేతనే ఒలిపించేవారు. ఇక్కడే ఒక చిక్కుంది. ఒలిచే చేతికీ నోటికీ జానెడు కూడా దూరం ఉండదు. పొద్దున తాగిన అంబలి దారిలోనే అరిగిపోయి ఉంటుంది. గింజ చూస్తే ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది.

ఆ దొడ్డికి కాపలా సావుకారు తల్లి. కళ్లకు పొరలు కమ్మి మనుషులు మసకగా కూడా కనబడేవారు కాదు. ఆ కళ్ల చూపంతా చెవుల్లోకి పోయిందేమో, మూలన తొండ పాకినా వినేది. మేం చాటుగా చెవులవ్వ అనేవాళ్లం. (చాటుగా అన్నదీ ఆమెకు వినబడేది.) నోరు ఖాళీగా ఉందా లేదా అని కళ్లు లేని మనిషి ఎలా కనిపెట్టాలి? మాట్లాడిస్తే తెలుస్తుంది. అందరినీ మాట్లాడమంటే ముచ్చట్లు పెరిగి చేతులు నిలిచిపోతున్నాయని ఒక కట్టుబాటు పెట్టింది. "కష్టమొచ్చినప్పుడు మీలో మీరు ఏమనుకుంటారో, ఆ ఒక్క మాటే అంటా ఉండండి. ఎవురి గొంతు ఆగితే వాళ్లు మింగుతాండారని లెక్క. వాళ్ల బుట్ట బోర్లిస్తా." బుట్ట బోర్లించడమంటే, ఆ మనిషికి ఆ దొడ్లో మళ్లీ పని లేదని.

అలా మా వరసలో ఎవరి మాట వాళ్లది. నందవరం నుంచి వచ్చే ఒక వదిన "చూద్దాం లే, చూద్దాం లే" అనేది. ఏం చూస్తుందో ఎన్నడూ చెప్పలేదు. హాలహర్వి దిక్కు నుంచి వచ్చినామెకు కష్టం కన్నడంలోనే వచ్చేది కాబోలు, "హోగ్లి బిడు" అనేది, పోతే పోనీ అని. మా అత్త మాట "ఎత్తుకుంటి, మోస్తా." బరువైన గొంతు, చివర కొంచెం సాగదీత. ఆ మాట ఆమె ఎక్కడ ఎత్తుకున్నా నాకు ఒళ్లు మండేది. ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చిన బరువేదో నాకు తెలియదా? నన్ను పట్టుకొనే అంటోందని, వినబడనట్టు మొహం తిప్పుకొనేదాన్ని. నాకేమో అప్పటిదాకా సొంత మాటంటూ లేదు. మొదటిరోజు చెవులవ్వ "నీదేమే కొత్తపిల్లా?" అని గద్దిస్తే భయానికి "సాయంత్రమైతాది" అన్నాను. అప్పటికింకా ఎండ కూడా ముదరలేదు. అందరూ పగలబడి నవ్వారు. అదే నా మాటయింది.

కాయల దుమ్ముకు కొద్దిరోజులుగా గరగరమంటున్న మా అత్త గొంతు ఒక పొద్దున పూర్తిగా పడిపోయింది. దొడ్డి వాకిట్లో నిలబడి నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంటికి తిరిగిపోతే ఆ పూట కూలి పోతుంది. లోపలికి పోతే బుట్టే పోతుంది. నేను ఆమెకంటే ముందు లోపలికి నడిచాను. ధైర్యమనుకునేరు, ఆలోచన లేక.

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను గొంతును కడుపులోకి దించి "ఎత్తుకుంటి, మోస్తాఆ" అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది, అచ్చం అత్తే. ఏడాదిగా వినీ వినీ మండిపడింది ఊరికే పోలేదు. మా అత్త ఒలవడం ఆపి, తన గొంతు పక్కింటివాళ్ల దగ్గర దొరికినట్టు నావైపు చూసింది. నందవరం వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఇంకా హుషారుగా ఎత్తుకున్నాను.

"అత్త గొంతు బాగుంది. కోడలు యాడికి పోయినాది? మింగుతాందా?" అంది చెవులవ్వ.

"సాయంత్రమైతాది అవ్వా!" అన్నాను కంగారుగా.

ఇక అక్కడి నుంచి ఒకసారి లావు గొంతు, ఒకసారి సన్న గొంతు. నోరు రెండు కాపురాలు చేస్తుంటే చేతులకు దిక్కు తోచలేదు. గింజలు పొట్టులో, పొట్టు గింజల్లో పడుతున్నాయి. ఇంతలో జరగాల్సింది జరిగిపోయింది. అత్త గొంతులో, అంతే బరువుగా, "ఎత్తుకుంటి, సాయంత్రమైతాదీ" అన్నాను. హాలహర్వి ఆమె నవ్వాపుకోలేక బుట్ట మీదికి వాలిపోయింది. "హోగ్లి బిడు" అనడానికి కూడా ఆమెకు ఊపిరి అందలేదు.

చెవులవ్వ కర్ర పట్టుకొని లేచింది. నేరుగా మా ముందుకొచ్చి నిలబడింది. "అత్తా కోడలూ, ఇద్దరూ ఒకేసారి అనండి."

నేను నోరు తెరిచి, ఏ గొంతు పెట్టాలో తెలియక, మళ్లీ మూశాను. అప్పుడు మా అత్త లేచింది. ముసలామె చెయ్యి పట్టుకొని, చూపుడువేలు తన నోట్లో పెట్టుకుంది. చెవులవ్వ కాసేపు ఆ పక్కా ఈ పక్కా తడిమి, వేలు తీసి మా అత్త కొంగుకే తుడుచుకుంది.

"లోపల ఏమీ లేదు. గొంతు కూడా లేదు" అని తీర్పు చెప్పింది. "గొంతు పోతే పోయినాదని సెప్పొచ్చు గదే?"

"ఏం పెట్టి చెప్పాల అవ్వా?" అంది నందవరం వదిన. ఆ మాటకు ముసలామె కూడా నవ్వింది.

బుట్ట బోర్లించలేదు. కానీ కట్టుబాటు కట్టుబాటే. మా అత్తను తన మంచం పక్కన కూర్చోబెట్టుకొని దవడ మీద చెయ్యి వేసింది, ఆడితే తెలుస్తుందని. మా అత్తకు అలవాటు కొద్దీ పెదవులు ఆడాయి. "నములుతాండావే!" అని అరిచింది. లేదవ్వా, లోపల తన మాట అనుకుంటోంది, అంతే అన్నాను నేను. "అదీ వద్దు, నాకు తేడా తెలీదు" అంది. మా అత్త దవడ బిగించి కూర్చుంది. కాసేపటికే ఆ చేతులు మందగించాయి. వరసలో అందరికంటే ముందు బుట్ట నింపే మనిషి, ఒక్కో కాయనూ కొత్తగా చూస్తున్నట్టు తిప్పితిప్పి ఒలుస్తోంది. సాయంత్రం బుట్ట నిండకపోతే, నోరు ఎంత ఖాళీగా ఉన్నా ఏం లాభం?

చెవులవ్వకు ఆ కాయల చప్పుడు నెమ్మదించడం వినబడనే వినబడింది. "ఏయ్, రెండు గొంతుల పిల్లా! మీ అత్త మాట నువ్వే అను. ఈసారి నీ గొంతుతోనే అను" అంది. నేను అన్నాను. సన్నగా, పిట్టలా, నాకు గిట్టని ఆ మాటను దొడ్డి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా పొద్దంతా అన్నాను. నేను అన్నప్పుడల్లా మంచం పక్కన టక్కుమని ఒక కాయ పగిలేది. నేను తొందరగా అంటే తొందరగా, నీళ్లు తాగడానికి ఆగితే ఆగి. సాయంత్రానికి ఆమె బుట్ట నిండింది. నాది నిండలేదు. ఎవరూ అడగలేదు.

తిరిగివచ్చే దారిలో ఉండబట్టలేక అడిగేశాను. "ఎత్తుకుంటి అంటావే, అది నన్నేనా?" ఆమె నిలబడిపోయింది. చాలాసేపు గొంతు సవరించుకొని, బుసబుసమనే గాలితో చెప్పింది. "నువ్వెంత బరువే? నేను కాపురానికొచ్చినప్పుడు వంకకాడి నుంచి పెద్ద బిందెతో నీళ్లు. ఆడ ఎవురో ఒకరు నెత్తికెత్తుతారు. దారిలో దించితే మళ్లీ ఎత్తేటోళ్లు ఎవురూ ఉండరు. మెడ ఇరిగిపోతాన్నా దించేదానికి లేదు. అందుకని అట్ల అనుకుంటా వస్తాంటి." అంతే. ఇంకేదో ఉంటుందని నేను ఎదురుచూస్తూ నడిచాను. ఆమె నడిచింది. ఏడాదంతా నన్ను పట్టుకొనే అంటోందని కుమిలిపోయిన నాకు, అది నేను కాదని తెలిశాక ఎందుకో కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే, ఆమె లేవకముందే, ఇంట్లో ఉన్న పెద్ద బిందె తీసుకొని వంకకు, అదే వాగుకు, పోయాను. ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లు తోడుతున్న ఒకామె నా నెత్తికెత్తింది. సగం దూరం వచ్చాక, నిజంగా అంతేనా చూద్దామని, బిందె కింద దించాను. దించడం బాగానే చేతనయింది. తిరిగి ఎత్తబోతే మోకాలి దాకా కూడా రాలేదు. ఒంపేద్దామంటే నీళ్లు, వదిలేద్దామంటే బిందె. నిన్న చెప్పిన మాటను పొద్దున్నే పరీక్ష పెట్టిన ఆ పద్దెనిమిదేళ్ల తెలివైన పిల్ల, చేసేదేమీ లేక, ఎవరైనా అటు వస్తే కావాలనే కూర్చున్నట్టు కనబడాలని కొంగు సర్దుకొని, బిందె పక్కన దర్జాగా కూర్చుంది.