కొండ కాలు తవ్వనివ్వని తాసిల్దారు

మా పాత తాసిల్దారు పోయినారని ముదిగుబ్బ బస్సులో తెలిసింది. చెప్పింది ఆయన్ని ఏళ్ల తరబడి ఆడిపోసుకున్న ఓ ఉద్యోగే. ఇప్పుడు ‘మహానుభావుడు’ అంటున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు.

ఆయన కింద నేను గుమస్తాని. మెత్తని మనిషి కాదాయన. ఎవరైనా సంజాయిషీ మొదలుపెడితే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. “నీ మొకం కనపడకుంటే వినేదానికి సులువప్పా” అనేవారు. నాకు ఉద్యోగం నేర్పింది ఆయనే. ఆ రుణం తీరేది కాదు.

ఆయన హయాంలో ఒక యేడు తుపాను మా కరువు సీమనూ వదల్లేదు. తనకల్లు వైపు ఒక కొండ చరియ విరిగి, కింద పల్లెలో సగం ఇళ్లు కూలాయి. మా సర్కారుకు తెలిసిన ఆపద ఒక్కటే, కరువు. అందుకని వానకు కూలిన కొండకూ కరువు పనే మంజూరు చేశారు, కంకర కొట్టడం. రాళ్లు ఎక్కడివి? ఆ కొండ పాదం నుంచే. ఇంత తెలివి అన్ని సర్కారు కచేరీలూ కలిస్తే తప్ప పుట్టదు.

పట్నం నుంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చాడు. పాదం తవ్వితే మిగిలిన కొండ కూడా జారుతుందన్నాడు. అయితే పని ఆపమని చెప్పండంటే, ఆ మాట తన పైవారు చెప్పాలట. మరామత్తు ఇంజనీరేమో రోడ్డే తనది, కొండ తనది కాదన్నాడు. అప్పటికే మళ్లీ మబ్బు పడుతోంది.

“మీ పైవాళ్లు చెప్పేదాకా ఆగమని కొండకు ఎవురు చెప్తారప్పా?” అన్నారు తాసిల్దారు.

పని ఆపే అధికారం ఆయనకు లేదు. అయినా ఆపేశారు. పల్లె మొత్తాన్నీ అవతలి మిట్టకు తరలించి, అక్కడే గంజి కాయించారు. కూలి డబ్బు పోయిందని జనం మండిపడ్డారు. ఒక ముసలామె ఎదురుగా వచ్చి నిలబడింది.

“నోటికాడి కూడు తీసినావు. నీ కడుపు కాల.”

ఆయన నా వైపు తిరిగి, “తిట్టనీలే. తిట్టేదానికైనా బతికుండల్ల గదా” అన్నారు.

మరునాటి వానకు మిగిలిన కొండ జారింది. కంకర కొట్టిన చోటు ఆనవాలు లేకుండా పోయింది. ఒక్క ప్రాణమూ పోలేదు. పోలేదు కాబట్టి పైవాళ్ల లెక్కలో అది ప్రమాదమే కాదు. అనుమతి లేకుండా పని ఆపినందుకు ఆయన్ని బదిలీ చేశారు. అప్పుడు తప్పించుకున్న శాఖలవాళ్లే ఇప్పుడు సంతాపసభ పెడుతున్నారట. సిగ్గుండాలి. నేను పోను.

నాకు ఆ మిట్ట మీది మనిషి చాలు. కొండ మోత ఆగాక ఎవరో ఆయనకు గంజి ముంత అందించారు. తాగబోతే సగం గంజి చొక్కా మీద ఒలికింది. ఆయన్ని శపించిన ముసలామె వచ్చి పక్కన కూలబడి, ముంత తన చేతుల్లోకి తీసుకుంది.

“తాగు నాయనా” అంది.

ఆమె పట్టుకుంటే ఆయన తల వంచి తాగారు.