వాగియెమవ్వ చేతి నూనె

వాగియెమవ్వకి కోపం వచ్చిందంటే చోదె నది ఒడ్డునున్న ఆ సందంతా వినాల్సిందే. జోగ్జా ఊళ్లో జనం పోట్లాడుకునేటప్పుడు కూడా గొంతు తగ్గించి, నవ్వు మొహంతో పోట్లాడతారు. అవ్వ తీరు అది కాదు. నలభై ఏళ్లుగా పసిపిల్లలకి ఒళ్లు పట్టే మనిషి. పిల్లల ఏడుపులో తన మాట వినపడాలంటే అరవక తప్పదని, అదే అలవాటైపోయిందని చెప్పుకునేది. పిల్లలు లేని చోట కూడా అరిచేది, అది వేరే సంగతి.

మూడు వారాలుగా ఆ అరుపులన్నీ పక్కింటి మర్జుకి మీదే. కారణం గెంబుల్. గెంబుల్ అంటే బొద్దుగాడని. సందు చివర పనసచెట్టు కొట్టేసినప్పుడు కింద పడ్డ ఎగిరే ఉడుత పిల్ల అది. అప్పటికి కళ్లు కూడా తెరవలేదు. పసిపిల్లలకి మందు పోసే చుక్కల గొట్టంతో మేకపాలు పట్టి అవ్వ దాన్ని బతికించుకుంది. ఈ రెండేళ్లూ పగలంతా అవ్వ భుజాన వేలాడే జోలెగుడ్డలోనే దాని నిద్ర.

అలాంటి గెంబుల్‌కి బొచ్చు రాలిపోతోంది. ముందు మెడ కింద చొక్కా గుండీ అంత మేర ఊడింది. తరవాత వీపు, ఆ తరవాత ఎగరడానికి అటూ ఇటూ సాగే తోలు. ఎర్రగా చర్మం బయటపడింది. అది గోక్కోవడం, నాక్కోవడం, మళ్లీ గోక్కోవడం.

మర్జుకి పాటల పిట్టల్ని పెంచుతాడు. పంజరాలకి చీమలు పట్టకుండా ఏదో మందు కొడతాడు. అవ్వకి ఆ మాత్రం చాలు.

"ఏమయ్యా, నీ చీమల మందంతా గాలికి నా ఇంట్లోకే కొడుతోంది. దాని ఒంటి మీద ఒక్క వెంట్రుకైనా ఉంచుతావా, ఉంచవా?"

"నా మందు వల్లే అయితే ముందు నా పిట్టల ఈకలు ఊడాలి కదవ్వా."

"నీ పిట్టలు నీలాంటివే. సిగ్గులేని ఒంటికి ఏదీ అంటదు."

మర్జుకి నవ్వి, "వేడిగా టీ తాగుతారా?" అని అడిగేవాడు. నన్నడిగితే అతను ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది. తిట్టేవాళ్లకి టీ ఇస్తానంటే ఒళ్లు మండదా? అవ్వ ఇంకో అరగంట తిట్టేది.

వైద్యం మాత్రం మానలేదు. ఆ ఊళ్లో పసిపిల్లలకి జుట్టు ఒత్తుగా రావాలంటే కెమిరి గింజలు నల్లగా మాడ్చి, ఆ నూనె మాడుకి పట్టిస్తారు. అవ్వ చేతుల మీదుగా నల్లటి జుట్టు తెచ్చుకున్న పిల్లలు ఇంటికొకరున్నారు. అదే నూనె రోజుకి మూడుసార్లు గెంబుల్‌కి రాసింది. అది నాక్కుంటే, మంచిదే, మందు లోపలికి కూడా పోతుందిలే అనుకుంది. వారం తిరిగేసరికి వీపు పూర్తిగా బోడైంది. గెంబుల్ తిండి మానేసింది.

అప్పుడు భయం వేసింది అవ్వకి. జోలెతో సహా పశువుల డాక్టరు హెస్తి దగ్గరికి పరుగెత్తింది. హెస్తి కూడా ఒకప్పుడు అవ్వ ఒళ్లో ఏడ్చిన పిల్లే.

హెస్తి దాని చర్మం కొంచెం గీకి, భూతద్దం కింద పెట్టి చూసింది.

"పురుగు లేదు, తామర లేదు. దీనికి ఏం రాస్తున్నారవ్వా?"

అవ్వ గొప్పగానే చెప్పింది. హెస్తి గెంబుల్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరవాత అవ్వ అరచేతులు పట్టుకుని వాటినీ వాసన చూసింది.

"తెలోన్ నూనె. పిల్లల ఒంటికి పట్టిస్తారు కదా, రెండేళ్లుగా నాకీ నాకీ దాని ఘాటుకే ఇప్పుడు దీని చర్మం కాలిపోయింది. పైగా మీరు కెమిరి కూడా దట్టించారు."

"పసిపిల్లలకి లేని ఘాటు దీనికెక్కడి నుంచి వచ్చిందే? నిన్ను రుద్దింది కూడా ఈ చేతులే. నీకేమైంది?"

"నేను నా ఒళ్లు నాక్కోలేదు కదవ్వా."

"మరి మర్జుకి మందు?"

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"నీ చదువు తగలెయ్య" అంది అవ్వ. అరచేతులు తనే ఒకసారి వాసన చూసుకుని, "సబ్బుతో కడుక్కుంటాను" అంది.

"రోజుకి ఆరుగురు పిల్లలు మీకు. మీ చాపకి, బట్టలకి, జోలెకి, తలుపు గడియకి కూడా అదే నూనె. ఎన్నని కడుగుతారు? మీ ఇంట్లో ఉంటే ఇది వారం కూడా బతకదు."

"బొచ్చు వచ్చాక తెచ్చుకుంటాను."

"మీరు ఈ పని చేస్తున్నన్నాళ్లూ వద్దవ్వా."

అవ్వ కోపం అప్పుడు చూడాలి. రెండేళ్లు గుండెకి హత్తుకుని పెంచితే, ఆ హత్తుకోవడమే దాని ప్రాణం తీస్తోందట. తిడదామంటే మనిషి దొరకడం లేదు. ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఇద్దరు తల్లులు పిల్లలతో కాచుక్కూచున్నారు. ఆలస్యమైందేమని ఒకామె అడిగిన పాపానికి ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

పిల్లలకి ఒళ్లు పట్టడం మానేస్తే గెంబుల్ తన దగ్గరుంటుంది. మానేస్తే ఆ పసివాళ్లని ఎవరు చూస్తారు? మానేసి తను ఏం చేస్తుంది? సాయంత్రందాకా ఆలోచించి, హెస్తి ఇచ్చిన ఉతికిన తువాల్లో గెంబుల్‌ని చుట్టుకుని మర్జుకి గుమ్మంలో నిలబడింది. పంజరాలూ ఓపికా ఉన్న మనిషి ఆ సందులో అతనొక్కడే.

"తీసుకో."

"నా ఇంట్లో చీమల మందుంది కదవ్వా" అన్నాడు మర్జుకి.

"నోరు మూసుకుని తీసుకో. నీ మందు కాదట. నా చెయ్యట."

ఆ రోజు మర్జుకి నవ్వలేదు, టీ సంగతీ ఎత్తలేదు. రెండు చేతులూ చాచి తువాలు అందుకున్నాడు.

నెల గడిచింది. వీపు మీద బూడిదరంగు నూగు మొలిచింది. అవ్వ రోజూ పొద్దు వాలే వేళకి వచ్చి, గుమ్మం అవతలే నిలబడి, దానికి తిండి సరిగా పెట్టడం లేదని మర్జుకిని తిట్టి వెళ్లేది. ఒకనాడు అతను పంజరం తలుపు తెరిచే సమయానికి వచ్చింది. గెంబుల్ ముక్కు ఎగరేసి వాసన పట్టింది. పంజరం మీదకెక్కి, ఒళ్లు పరుచుకుని, సూటిగా అవ్వ గుండె మీదకి దూకింది.

అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుని గబుక్కున పక్కకి తప్పుకుంది. గెంబుల్ వెళ్లి ద్వారబంధానికి అంటుకుంది. మెడ తిప్పి అవ్వనే చూస్తూ సన్నగా కూసింది.

"రాకు. నా దగ్గరికొచ్చావంటే కాళ్లు విరగ్గొడతాను. ఛీ, పో. పోరా."

చేరదీసినప్పటినుంచి దాన్ని ఒక్కసారి కూడా కసరలేదు ఆ నోరు.

"ఒక్క నిమిషం ఎత్తుకోండవ్వా, ఏం కాదు" అన్నాడు మర్జుకి.

"దాన్ని లోపల పెట్టు. నా ఇంటి వైపు కిటికీ కూడా మూసెయ్. నా వాసన తగిలితే అది మళ్లీ వస్తుంది."

"పిట్టలకి గాలాడదు అవ్వా."

"ముయ్యమన్నానా."

మర్జుకి గెంబుల్‌ని లోపలికి తీసుకెళ్లి కిటికీ రెక్కలు దగ్గరికి వేశాడు. గడియ పడిందో లేదోనని అవ్వ బయటినుంచి మోచేత్తో నెట్టి చూసింది.