పక్కవారం ఆయన

మా బావ పళ్ళసెట్లు కడతాడు. ఆరుగురు పంటి డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే, మూడో అంతస్తులో తన గదిలో కూర్చుని మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నే పేర్చి, పెట్టుకున్నవాడికి కూడా తేడా తెలియనట్టు తయారుచేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా గుణంలోనే ఉంది. ఇరవై ఏళ్ళుగా రంగుల కార్డు పట్టుకుని ఈ పన్ను తెలుపా, ఆ పన్ను తెలుపా అని పోల్చి పోల్చి, ఆ జబ్బు మనుషుల మీదికి పాకింది. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ హాలు మన హాలు కంటే ఎన్ని అడుగులు ఎక్కువో కళ్ళతోనే కొలిచేస్తాడు. ఆయన బావమరిదిని కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

పదకొండేళ్ళ కిందట ఆయన ఒక టైమ్‌షేర్ కొన్నాడు. కొండ మీద రిసార్టులో పద్నాలుగో నంబరు గది. ఏటా ఒక్క వారం, శనివారం నుంచి శనివారం దాకా, అది మా బావది. మిగతా యాభై ఒక్క వారాలూ ఎవరెవరివో. ఆ కాగితం చూపించినప్పుడు నాకు కడుపు మండింది, అబద్ధమెందుకు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నువ్వూ రారా అన్నాడా అంటే, లేదు. గదిలో మంచాలు రెండే అన్నాడు. నేల మీద పడుకుంటానని నేనూ అనలేదు.

కానీ నా మంట ఆయన మంట ముందు ఏపాటిది. తన వారం అయిపోయిన శనివారం పొద్దున తాళంచెవి ఇవ్వడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి, తర్వాతి వారం సొంతదారులు అక్కడ సోఫాలో కూర్చుని ఉండేవాళ్ళు, అరవై దాటిన భార్యాభర్తలు. ఆ పెద్దమనిషికి మా బావ పెట్టిన పేరు పక్కవారం. అసలు పేరు తెలుసు, నోటితో పలకడు. పక్కవారం చేతిలో ఒకే ఒక్క చిన్న పెట్టె ఉండేది, మా బావ చేతుల్లో నాలుగు సంచులు. మా బావ ఉన్నన్నాళ్ళూ వాన. పక్కవారం కారు దిగగానే మబ్బు విడిపోయి ఎండ. పదకొండేళ్ళూ ఇదే జరిగిందని ఒట్టేసి చెబుతాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, మా బావకి పొరుగువారం ఎండ రుచి. తిరిగొచ్చాక ఎలా గడిచింది బావా అని అడిగితే తన వారం గురించి ఒక్క ముక్క ఉండదు. పక్కవారం కొత్త కళ్ళజోడు పెట్టాడు, పెళ్ళాం చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు, వాణ్ణి చూసి కౌంటరు అమ్మాయి లేచి నిలబడింది, ఇవే కబుర్లు.

"అన్నిటికంటే అన్యాయం ఏంటో తెలుసా? ఆ వయసులో వాడి పళ్ళన్నీ సొంతవేరా" అన్నాడొకసారి. కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి.

నిరుడు మా అక్క మోకాళ్ళు మొండికేశాయి. ప్లాస్టర్ సంచులు మూడంతస్తులు ఎక్కించేదీ, తయారైన సెట్లు డబ్బాల్లో సర్ది డాక్టర్లకి ఇచ్చి వచ్చేదీ తనే. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగుతుంది. మెట్లు మానకపోతే మోకాళ్ళు మార్చాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. అదే సమయానికి అదే బిల్డింగులో కింద గది ఒకటి ఖాళీ అయింది. నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తే మీకే ఇస్తానని ఓనరు మాటిచ్చాడు. మా వాళ్ళ దగ్గర అమ్మడానికి ఉన్నది ఆ వారం ఒక్కటే.

ఎలా అమ్మితే మంచిదో చెప్పమని ఇద్దరూ నా జిరాక్స్ షాపుకి వచ్చారు. దరఖాస్తులూ దస్తావేజులూ టైపు చేసి చేసి నాకు కాస్త లోకజ్ఞానం వచ్చిందని మా అక్క నమ్మకం. నాలుగు రోజులు అందరికీ ఫోన్లు చేశాను. రిసార్టు ఆఫీసులో పేరు రాసుకుంటారు గాని మా కంటే ముందు నలభై మంది ఉన్నారు. ఒక ఏజెంటు కొనేవాళ్ళు చేతిలో ఉన్నారన్నాడు, కానీ ముందు తన ఫీజు కట్టమన్నాడు. అమ్మకముందే డబ్బు అడిగేవాడికి అమ్మాల్సిన అవసరం ఏముంటుంది, వాణ్ణి వదిలేశాం. ప్రకటన వేస్తే వచ్చేవాళ్ళకి కొండ గురించీ గది గురించీ మొదటి నుంచీ చెప్పి ఒప్పించాలి.

"అక్కడ ఇప్పటికే వారం ఉన్నవాళ్ళకి అమ్మడం అన్నిటికంటే మేలు బావా. గది చూసినవాళ్ళు, కొత్తగా చెప్పాల్సింది లేదు. అందులోనూ నీ వారానికి ఆనుకుని ఉన్నవాళ్ళయితే వరసగా రెండు వారాలు కలిసొస్తాయి, అందరికంటే ఎక్కువిస్తారు" అన్నాను.

అని ఆయన మొహం చూసి ఎందుకన్నానా అనుకున్నాను.

మా అక్క మెల్లగా అంది: "మూడేళ్ళ కిందటే ఆయన నంబరిచ్చాడురా. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నాకు చెప్పండి అన్నాడు."

"అంటే ఏంటి? వీడెప్పటికైనా అమ్ముకునే రకమేనని మొహం మీదే అన్నట్టు కాదూ? ఎవరికైనా ఇస్తాను, ఊరికే అయినా ఇస్తాను, వాడికి మాత్రం ఇవ్వను. నా వానలో కూడా వాడే కూర్చుంటాడా?" అన్నాడు బావ.

నేను చెప్పి చూశాను, తిట్టి కూడా చూశాను. ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకోకు బావా అన్నాను. "నా ముక్కు, నా ఇష్టం" అన్నాడు. మా అక్క గోడ పట్టుకుని లేచి, షాపు ముందున్న రెండు మెట్లూ దిగడానికి చాలాసేపు తీసుకుంది. ఆ దిగడం నేను చూశాను. బావ రోడ్డు మీద ఎవరిదో కారును చూస్తున్నాడు.

నెలాఖరు ఇంకో పది రోజులుందనగా ప్రకటన చూసి డ్రైవింగ్ స్కూలు నడిపే ఒకావిడ వచ్చింది. మేం చెప్పిన ధరలో సగం కూడా ఇవ్వనంది. సరేనన్నాడు. కాగితాలు టైపు చేస్తుంటే నా పక్కన నిలబడి ఒక షరతు చేర్చమన్నాడు: ఈ వారాన్ని పక్కవారం సొంతదారుకి అమ్మకూడదు. ఇలాంటివి చెల్లవు బావా అన్నాను. అయితే నోటిమాటగా అయినా చెప్పమని ఆవిడనే అడిగాడు. ఆవిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, సరే అలాగే అంది. బావ ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

వచ్చిన డబ్బు అడ్వాన్సుకి చాలలేదు. ఒక నెల రెండింతలు పని చేసి మిగతాది తెస్తానని ఓనరుని బతిమాలాడు. ఓనరు నెలాఖరు దాకా ఆగి, మర్నాడు ఫోను కవర్లు అమ్మే కుర్రాళ్ళకి ఆ గది ఇచ్చేశాడు.

నాలుగు నెలల తర్వాత సంగతి. డాక్టర్లకి పంపే బిల్లులు టైపు చేసి ఇవ్వడానికి నేను పైకి వెళ్ళాను. బావ చేతులు మణికట్టు దాకా ప్లాస్టర్‌లో ఉన్నాయి. ఫోను మోగింది. మా అక్క స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"నమస్కారమండీ, నేను కొండ మీద మీ తర్వాతి వారం వాణ్ణి. మొన్న మీ బదులు ఒకావిడ తాళంచెవి ఇస్తూ కనిపించింది. వారమంతా వాన, విసుగొచ్చిందండీ, ఎవరైనా కొంటారా అంది. అక్కడే బేరం కుదిరిపోయింది. మా ఆవిడకి ఊపిరి ఇబ్బంది. కొండ గాలి వంటబట్టేలోపే వారం అయిపోతోందని ఇన్నాళ్ళూ బాధపడ్డాం. మీరు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, వారం అమ్మినావిడకి ఇచ్చింది మీకే ఇచ్చేవాణ్ణి కదా." ఎంతిచ్చాడో కూడా చెప్పాడు. కింద గది అడ్వాన్సు పోగా ఇంకా మిగిలేది. "పోనీలెండి. వచ్చే ఏడు రెండు రోజులు మా అతిథులుగా రండి, మీ ఆవిడని కూడా తీసుకుని" అన్నాడు.

అక్కే "ఉంటామండీ" అని ఫోను పెట్టేసింది.

"చూశావా, ఎంత పొగరో? నా గదికి నన్నే చుట్టంగా పిలుస్తున్నాడు" అన్నాడు నాతో. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

మా అక్క డబ్బాలు సర్దుతూనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పదకొండుసార్లు ఆ కొండ మీదికి మీతో వచ్చాను. ఒక్క రోజు కూడా మీరు నాతో లేరు. తర్వాత వచ్చేవాళ్ళకి ఎండ కాస్తుందని ఏడుస్తూ కిటికీ దగ్గర కూర్చున్నారు. గొడుగేసుకుని నడిచొద్దాం రండి అని ప్రతి ఏడూ అడిగాను. నాకు ఆ వాన బాగుండేది."

అక్క డబ్బాలున్న సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది. బావ గబగబా లేచి ప్లాస్టర్ చేతులు చాపాడు.

"ఇలా ఇవ్వు, నేను దింపుతాను."

"వద్దులెండి. పని చూసుకోండి, అచ్చు గట్టిపడిపోతుంది" అని మా అక్క గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.