పాడకుండా నడిచిన మాస్టారు

ఈ వసంత వేటకాలం ఆఖరి శనివారం ఉదయం ఏడుంపావుకి, మాకు టర్కీ కోళ్ల వేట నేర్పిన మాస్టారు మెడలో తుపాకీ పెల్లెట్లు దిగి చనిపోయారు. మనముండే ఫార్మింగ్టన్ హిల్స్‌కి గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఎనిమిదెకరాల చెట్లతోపులో ఇది జరిగింది. పేల్చింది ఆయన శిష్యుడే. నేను తోపు అంచున కంచె పక్కన కూర్చుని ఉన్నాను. ఒక్కటే దెబ్బ విన్నాను.

మీలో చాలామందికి ఆయన మన తెలుగు చర్చిలో సంఘపెద్దగా, కార్ల సీట్లను ఢీకొట్టించి పరీక్షించే ఇంజనీరుగా తెలుసు. వేటలో మొదటి పాఠం కూడా అలాంటిదే చెప్పేవారు. పుచ్చకాయను మొద్దు మీద పెట్టి, ముప్పై అంగల నుంచి పేల్చమనేవారు. ముక్కలు మన చేతే ఏరించేవారు. మన పత్రికకు రాస్తానని నన్ను రిపోర్టరూ అనేవారు.

"ఏమయ్యా రిపోర్టరూ, ఇది రాసుకో. తుపాకీ ఏం చేస్తుందో చూడనోడికి తుపాకీ ఇవ్వకూడదు."

నా మొదటి పుంజు తల చితికినా చావలేదు. రెక్కలతో నేలను బాదుతూ కాలి ముల్లుతో నా అరచేయి చీల్చింది. మాస్టారు వచ్చి దాని మెడ మీద బూటు పెట్టి తొక్కారు. ఎముక విరిగింది.

"మొహం తిప్పుకుంటావే? చంపింది నువ్వేగా!" అన్నారు. తర్వాత తన రుమాలుతో నా చేతికి కట్టు కట్టారు. ఆ పుంజును వాళ్లావిడ గోంగూరతో వండింది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. నా అరచేతిలో ఆ మచ్చ ఇంకా ఉంది.

చిన్న తోపుల్లో వేటంటే తిరగడం కాదు, కూర్చోవడం అని ఆయన నేర్పారు. భుజాలకన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించాలి. పలక మీద పుల్లతో గీకి పెట్ట అరుపు తీయాలి. పుంజు తనే వస్తుంది. దాని తల ఎరుపు, తెలుపు, నీలం. అవతలి వేటగాడు మనల్ని పుంజనుకోకుండా, ఆ రంగులేవీ మన దగ్గర కనిపించకూడదు. లేచి నడవాల్సివస్తే గట్టిగా పాడాలి. ఆయన కీర్తనలు పాడేవారు, శ్రుతి తప్పి.

"పుంజుకి పాట రాదు. పాడేది మనిషని అవతలోడికి తెలుస్తుంది."

ఆ ఉదయం శిష్యుడు మా ముగ్గురి గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "అంకుల్, చలికి చేతులు వణుకుతున్నాయి. టీ ఫ్లాస్క్ కార్‌లోనే మర్చిపోయా." మాస్టారు "కదలకు, తెస్తా" అన్నారు. పది నిమిషాల తర్వాత ఆయన నుంచి నాకొక్కడికే ఇంకో మెసేజ్ వచ్చింది: "మా ఇద్దరి మధ్య పుంజుంది. పాడట్లేదు, బెదురుతుంది. వాడికి మెసేజ్ చెయ్యకు, ఫోన్ చూసుకుంటే కదులుతాడు. ఈ రోజన్నా వాడికి దొరకాలి."

నేను చెప్పలేదు.

ఫ్లాస్క్ మూత ఎర్రది. మాస్టారి చొక్కాలోంచి బయటికి వచ్చి ఉంది. పొదల్లో ఎర్రగా ఏదో కదలగానే శిష్యుడు పేల్చాడు.

నేను పరుగెత్తి వెళ్లేసరికి మాస్టారు పక్కకు ఒరిగి ఉన్నారు. మెడలోంచి నెత్తురు నురగలా వస్తోంది. ఫ్లాస్క్ పగిలి, రాలిన ఆకుల మీద టీ పొగలు కక్కుతోంది. శిష్యుడు రెండు చేతులతో గాయం నొక్కుతున్నాడు. వేళ్ల సందుల్లోంచి కారుతూనే ఉంది.

"పాట వినపళ్లేదు అంకుల్! మీరింకా కార్ దగ్గరే ఉన్నారనుకున్నా! పాట వినపళ్లేదు!"

అంబులెన్స్ వచ్చేలోగా ప్రాణం పోయింది.

నిర్లక్ష్యంగా పేల్చి మరణానికి కారణమయ్యాడని శిష్యుడి మీద కేసు పెట్టారు. నేరం రుజువైతే జైలు, ఆపైన వీసా పోవచ్చు. సమాధి కార్యక్రమం అయిన మర్నాడు అక్క మా ఇంటికి వచ్చింది.

"ఆయన పాడలేదని కోర్టులో చెప్తావా తమ్ముడూ?"

"చెప్తానక్కా. మెసేజ్ ఉంది."

"తప్పు ఆయనదే అంటారు అందరూ."

"ఏం కనపడిందో సరిగా చూడకుండా వాడు పేల్చాడు. అదీ చెప్తాను."

ఆమె నా అరచేతి మచ్చ వైపు చూసింది.

"అయితే మొత్తం చదువు. ఆయన నీకు చెప్పిందీ, నువ్వు వాడికి చెప్పనిదీ."

ఆ మెసేజ్ కింద నా జవాబు ఉంది: "సరే మాస్టారూ."

విచారణ సోమవారం ఉదయం తొమ్మిదికి. మొదటి సాక్షిని నేను.