చిన్నమ్మ తిన్న గోడమట్టి

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. దానివల్ల మా చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య, తిన్న దెబ్బలు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మాది పుంగనూరు పక్కన ఆవులు మేపుకునే పల్లె. చిన్నమ్మకు మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఇది జరిగేనాటికి రెండోసారి కడుపుతో ఉంది, ఏడో నెల.

బిడ్డ లావైతే కానుపు కష్టమని మా అవ్వ నమ్మకం. అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి సగం ముద్ద, ఇంత ఊరుబిండి పచ్చడి, అదీ ఆమె భోజనం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కళ్లు తిరిగి గడప పట్టుకుని నిలబడేది. కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలే అనేది అవ్వ. ఏం మామూలో, నా తలకాయ!

ఒక మధ్యాహ్నం కొట్టం వెనక చిన్నమ్మ గోడమట్టి గీరి తింటుంటే చూశాను. పరుగెత్తుకెళ్లి అందరి ముందూ అరిచి చెప్పేశాను. చిన్నాయన ఆమెను జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. సంగటి గెలికే కట్టెతో భుజాల మీద, కాళ్ల మీద బాదాడు. ఆమె రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకుంది. ముఖానికి అడ్డం పెట్టుకోడానికి ఇంక చేతులు లేవు. పెదవి చిట్లి రవికంతా రక్తం. అవ్వ ఆపకపోగా, ఇంకో రెండు తగిలించమంది. నేను భయంతో గౌనులోనే ఒంటికి పోసుకున్నాను.

పక్కింటి నర్సమ్మ ఆ అరుపులు విని పరుగున వచ్చింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఏళ్లతరబడి కానుపులు చేసిన మనిషి. వస్తూనే కట్టె లాక్కుని, దాంతోనే చిన్నాయన మోచేతి మీద ఒక్కటిచ్చింది. అంత మనిషీ కుయ్యోమన్నాడు.

"యాల కొడ్తాండావప్పా?"

"మట్టి తింటాండాదమ్మా!"

"నీ చూలావు గోడ నాకితే దాన్నీ కొడ్తావా?"

"దాన్ని యాల కొడ్తాను? ఒంట్లో సత్తువ లేక నాకుతాది. ఉప్పు, తవుడు, చెనక్కాయ చెక్క పెడ్తా..." అంటూనే ఆగిపోయాడు. తాను ఏమన్నాడో తనకే తెలిసొచ్చింది.

నర్సమ్మ చిన్నమ్మ కింది రెప్ప లాగి చూపించింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "ఈడ రక్తం ఉండాదా, సూడు. ఇట్లే కానుపైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం పట్టే మాత్రలిచ్చారు. వాటితో కాఫీ తాగొద్దన్నారు. రోజూ గుడ్డు, ఆకుకూర పప్పు, నిమ్మరసం, బెల్లంతో చెనక్కాయలు. మర్నాడు ఇంత తిండెందుకని అవ్వ సణిగితే చిన్నాయన పప్పుసట్టిని ఆమె కాళ్ల ముందే నేలకేసి పగలగొట్టాడు. ఆయన మంచివాడైపోయాడని నేననను. కోపం దిక్కు మారిందంతే.

బిడ్డ బక్కగా పుట్టింది కానీ వీధంతా వినబడేలా ఏడ్చింది. చాడీ చెప్పింది నేనేనని తెలిసీ చిన్నమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆమె అని ఉంటే బాగుండేది, నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని.

ఇప్పటికీ కడుపుతో ఉన్న పిల్ల ఎదురైతే ఎన్నో నెల అని అడగను. "ఏం తిన్నావమ్మా?" అని అడుగుతాను. ఏమీ తినలేదంటే చెయ్యి పట్టుకుని నా వంటింట్లోకి తీసుకెళతాను. ఎందుకు తినలేదని మాత్రం ఎవరి ముందూ అడగను.