నాలుగు గీతల దూలం

పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. ఆదివారం వస్తే చాలు, మా ఆయన నన్ను ఆ ఊరి పాత పబ్‌కి లాక్కెళ్లేవారు. చుక్క ముట్టే మనిషి కాదు. అయినా తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, మా అత్తగారికి ఈ సంగతి చివరిదాకా చెప్పలేదు. ఆరెంజ్ జ్యూసు, చిప్సు తెప్పించుకుని ఆయన పైకప్పు చూస్తూ కూర్చునేవారు, నేను ఆయన్ని చూస్తూ.

అది ఒకప్పుడు గుర్రబ్బళ్లు ఆగే సత్రం. నల్లబడ్డ ఓక్ స్తంభాలు, తలకి తగిలేంత కిందికి దూలాలు. ఆ రోజుల్లో వడ్రంగులు కలపంతా పెరట్లోనే కోసి, ఏ స్తంభానికి ఏ దూలమో ఉలితో గీతలు పెట్టుకుని, ఆ తరవాతే ఎత్తి నిలబెట్టేవారట.

"ఇదిగో, దీనిమీద నాలుగు గీతలు. దానిమీదా నాలుగే. రెండూ జోడీ" అని ప్రతి వారం కొత్తగా చూపించేవారు. అలా పైకి చూస్తూ నడిచి గుమ్మానికి తల బాదుకునేవారు. పొడుగు మనిషి. నేను ముందు నడుస్తూ "తల" అని హెచ్చరించేదాన్ని. అయినా బాదుకునేవారు. "అన్నేళ్ల దూలం మీకోసం జరుగుతుందా, మీరే వంగాలి గానీ" అని విసుక్కునేదాన్ని.

ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న నా పుట్టినరోజుకి, "అమ్మా, ఇంగ్లిష్ పబ్‌లో టేబుల్ బుక్ చేశాను. వుడ్ అంతా ఇంగ్లండ్ నుంచే తెప్పించారట" అంది. ఇండియన్ గ్రోసరీకి రెండు షాపుల అవతలే.

కలప నిజమైనదే. గీతలూ ఉన్నాయి. ప్లేటులో తిండి చల్లారిపోతున్నా లేచి, నాలుగు గీతల దూలం ఒకటి కనిపిస్తే దాని జోడీ కోసం స్తంభాలన్నీ వెతికాను. రెండు గీతలది ఉంది, మూడు గీతలది ఉంది. నాలుగు లేదు. అమ్మాయి వెయిటర్‌ని అడిగింది. అక్కడి పాత కట్టడమేదో పడగొట్టినప్పుడు కలప తలా కాస్త కొనుక్కుపోయారట, మిగతాది ఎక్కడుందో తెలియదట.

"వదిలెయ్ అమ్మా, చెక్కే కదా" అంది.

చెక్కే. నాకు మాత్రం ఆయన కావాలనిపించింది. అప్పుడే, అక్కడే, వేలెత్తి చూపిస్తూ.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర తల వంచాను. "ఎందుకమ్మా వంగుతున్నావ్, డోర్ అంత హైట్ ఉంటే" అని, ముందు వెళ్లి తలుపు పట్టుకున్న అమ్మాయి నవ్వింది. నేను అలవాటు కొద్దీ "తల" అన్నాను. నా వెనక ఎవరూ లేరు.