కంపెనీ కోడె మొక్కు

మా కంపెనీ ఫిట్స్ గోలీ తయారు చేయడం ఆపేసిందని నాకు కంపెనీ చెప్పలేదు. చొప్పదండిలో మందుల షాపాయన చెప్పాడు. "మీ గోలీ ఇగ రాదంట గదా!" అన్నాడు. నేను ముందే తెలిసినట్టు తల ఊపాను. మెడికల్ రెప్పుగా ఇన్నేళ్లలో బాగా ఒంటబట్టిన విద్య అదొక్కటే.

ఆ గోలీ మా తమ్ముడు వేసుకునేది. వాడు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఎన్నో మందులు మార్చాక చివరికి మా కంపెనీ గోలీయే పడింది, ఆ తర్వాత మళ్లీ ఫిట్స్ రాలేదు. షెడ్డు సేటుకు సంగతి తెలుసు. "ఇంకొక్కపారి అచ్చిందని తెలిస్తే మగ్గం మీద నిలవెట్ట" అని మొదట్లోనే చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. నడిచే మగ్గం మీద పడితే చెయ్యి పోతుంది.

కంపెనీ పెట్టిన పెద్దసారు పోయాక ఆయన అల్లుడు ఎండీ అయ్యాడు. అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు. ఫిట్స్ గోలీలో మిగిలేది తక్కువని, రాబోయే కాలమంతా ప్రోటీన్ పౌడర్‌దేనని తేల్చాడు. గోలీలు చేసే జాగాలో డబ్బాలు నింపడం మొదలుపెట్టారు. మూత తీస్తే పౌడర్ గడ్డ కట్టి ఉండేది. కరీంనగర్‌లో ఒక డాక్టరుగారు ఆ గడ్డను స్పూనుతో కొట్టి చూసి, డబ్బా నాకే తిరిగిచ్చారు. అమ్మకాలు పడిపోతుంటే మా ఎండీ సారు, టార్గెట్ చేరినవాళ్లకు విదేశీ ప్రయాణమని ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ప్రతి సోమవారం ఫోన్లో వీడియో మీటింగు. సారు ఒక మంచిమాట చెప్పేవాడు, అందరం మొహాలు కనబడేలా చప్పట్లు కొట్టాలి. ఒకసారి ఉట్నూరు నుంచి వస్తూ, బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, టేకు చెట్ల కింద ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టాను. జీపులో పోతున్న ఆడవాళ్లు తిరిగి తిరిగి చూశారు. అదే మీటింగులో గోలీ సంగతి ఎత్తాను. "నెగెటివ్‌గా మాట్లాడకండి" అన్నాడు సారు. మా మేనేజరు నా మైకు ఆపేశాడు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత మండడం కూడా ఆగిపోయింది. పొద్దున లేచి స్నానం చేసి, టై కట్టుకుని పోయేవాణ్ని. అంతే.

అదే మందు ఇంకెవరూ చేయడం లేదని డాక్టరు తమ్ముడికి వేరే కంపెనీది ఇంకో మందు రాసిచ్చాడు. అది వేసుకుంటే వాడికి ఎడతెగని నిద్ర. "మగ్గం కాడ నిలవడే నిద్రవోతున్న అన్నా, భయమైతుంది" అన్నాడు. అప్పటి నుంచి నేను పోయిన ప్రతి షాపులో మా పాత గోలీల కోసం వెతికాను. కంపెనీ మనిషి తన కంపెనీ మందు కోసమే షాపుల ముందు నిలబడి బతిమిలాడటం వాళ్లకు తమాషాగా ఉండేది. ఉట్నూరులో ఒక షాపులో అడుగున పడి ఉన్న గోలీ పట్టీలు దొరికాయి. అవే ఆఖరివి.

అవి కూడా అయిపోయిన రోజుల్లోనే మేనేజరు ఫోన్ చేశాడు. కంపెనీ బాగు కోసం ఎండీ సారు వేములవాడ రాజన్నకు కోడెను కడుతున్నాడు, ఆదిలాబాద్ దాకా పనిచేసే వాళ్లందరూ రావాలన్నాడు. మా ఇళ్లల్లో అనుకున్నది జరిగాక కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తాం. మా సారు జరగకముందే కట్టేస్తున్నాడు, అడ్వాన్సుగా. అయినా నాకు ఒక ఆశ పుట్టింది. తమ్ముణ్ని తీసుకుపోదాం, మనిషే ఎదురుగా నిలబడితే ఒక్క విడత గోలీలైనా చేయిస్తాడేమో అనుకున్నాను.

గుడి దగ్గర అందరికీ కంపెనీ పేరు రాసిన బనియన్లు పంచారు. ఎవరో రానందుకు మిగిలిన బనియన్ను మేనేజరు తమ్ముడి ఒంటికి తొడిగించాడు. నేను సారు పక్కకు చేరి, "సార్, వీడు నా తమ్ముడు, మన ఫిట్స్ గోలీ..." అన్నాను. "తర్వాత, తర్వాత" అని సారు కోడె తాడు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "నువ్వు పట్టుకో, గట్టిగా ఉన్నావు" అన్నాడు. బనియన్ చూసి వాణ్ని తన ఉద్యోగే అనుకున్నాడు సారు.

తమ్ముడు పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉన్నాడు. ఎండ. జనం. కొత్త మందు నిద్రకు భయపడి సగమే మింగుతున్నాడని నాకప్పటికి తెలియదు. గుడి వెనక్కి రాగానే వాడి చేతిలోంచి తాడు జారింది. మనిషి కింద పడి కొట్టుకోసాగాడు. కోడె మాత్రం కదలకుండా నిలబడింది.

"శిగమచ్చింది! రాజన్న అచ్చిండు!" అని ఒక అవ్వ అరిచింది. మా వైపు దేవుడు ఒంటిమీదికొస్తే శిగం వచ్చిందంటారు. ఎవరో వాడి మొహాన పసుపు చల్లారు. నేను వాణ్ని పక్కకు తిప్పి, తల కింద చేతులు పెట్టాను. "ఫిట్స్ సార్ అవి, ఫిట్స్!" అన్నాను.

సారు వినలేదు. తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు. "స్వామీ, మా కంపెనీ నిలబడుతుందా?" అని అడిగాడు.

తమ్ముడి గొంతులోంచి మూలుగు వచ్చింది.

"ఆఁ అన్నాడు! స్వామి ఆఁ అన్నాడు!" అని సారు లేచాడు. మేనేజరు చప్పట్లు మొదలుపెట్టాడు. సోమవారాల అలవాటు, అందరూ కొట్టారు. నా చేతులు తమ్ముడి తల కింద ఉన్నాయి.

తెలివి రాగానే వాడు మొదట చేసిన పని తన వేళ్లు చూసుకోవడం. ఒక్కో వేలూ కదిలించి చూసుకుని, ఇది షెడ్డు కాదని అర్థమయ్యాక కళ్లు మూసుకున్నాడు. సారు అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు. మేనేజరు తీసిన వీడియో కంపెనీ గ్రూపులో పడింది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయిందో, పొద్దుగూకే లోపల మా ఊరు చేరింది. బస్సులో తమ్ముడు నా భుజం మీద నిద్రపోతుండగా సేటు ఫోన్ చేశాడు. "అది శిగం గాదని నాకు తెల్వదా? రేపటిసంది రావద్దను. పానం కన్న పని ఎక్కువ గాదు" అన్నాడు. నిదానంగానే అన్నాడు. సరేనన్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. టికెట్టు ముక్కను చిన్నగా మడుస్తూ కూర్చున్నాను.

ఊరు దగ్గరికొస్తుంటే తమ్ముడు లేచాడు.

"గోలీల గురించి అడిగినవా అన్నా?"

"అడగనియ్యలే."

"మీ సారు నన్నేందో అడిగిండట గదా?"

"కంపెనీ నిలవడ్తదా అని."

"నేనేమన్న?"

"ఆఁ అన్నవట."

వాడు బనియన్ అంచుతో మొహం తుడుచుకున్నాడు. పసుపు ఇంకా చెవుల దగ్గర అంటుకునే ఉంది.

"గట్లనే నా పని నిలవడ్తదా అని నువ్వు గూడ ఒక్క మాట అడగకపోయినవా అన్నా" అన్నాడు.